గాజులో పడమర

పందొమ్మిదేళ్ళుగా నా పని చీకటిగదిలో.
ఒక దీపం, ఒక పొర, దాని మీద అడ్డంగా ఇంకో పొర.
రెండూ కలిసి వెలుగుని పూర్తిగా మింగేస్తే
పొర మంచిది.
ఎక్కడైనా సూదిమొనంత చుక్క మెరిసిందా,
ఎర్ర పెన్సిలుతో చుట్టేసి పక్కన పడేస్తాను.
ఇప్పటిదాకా నేను పారేసినన్ని చుక్కలు
ఒనోమిచి ఆకాశంలో ఉండవు.

ఆ పొర పుట్టుక చూశారా ఎప్పుడైనా?
గంజి ఆరిన తెట్టులాంటి ప్లాస్టిక్కుని
గాయానికి పూసే అయొడిన్‌లో నానబెట్టి
ఆరు రెట్లు సాగలాగుతాం.
సాగినకొద్దీ లోపలి పోగులన్నీ
దువ్విన తడిజుట్టులా ఒకేవైపు పడుకుంటాయి.
పాయల వెంట ఊగే వెలుగు అక్కడే ఇంకిపోతుంది,
అడ్డంగా ఊగేది దాటుకొస్తుంది.
ఎవరైనా అనుకునేదానికి తలకిందులు.
నాకూ నమ్మడానికి ఏడాది పట్టింది.

మార్చిలో ఉత్తరం వచ్చింది, నీలి సిరాతో:
"మీ తెర నా పడవలో చచ్చిపోయింది.
నల్లకళ్ళజోడు తీస్తే బతుకుతుంది.
తీస్తే సముద్రం నా కళ్ళు పొడిచేస్తుంది.
మెడ వాల్చి చేపల్ని వెతకడానికి
నేను కొంగనా?
— కియొసే, మూడో నంబరు పడవ."

కొంగ మాటకి గది గదంతా నవ్వింది.
నన్ను పంపారు.

ఆవిడకి యాభై ఎనిమిది. మణికట్టు మీద తాడు కోసిన గీత.
తెర మీద అరచెయ్యి ఆనించి
"దీని గురించే" అంది, ఎద్దుని చూపించినట్టు.
మొదట నేను తీసుకెళ్ళిన పొర పరువు తీసింది:
కళ్ళజోడులోంచి చూస్తే
తెర నిండా నూనె తేలిన నీటి రంగులు.
ఎర్రటి చేపలగుంపు నారింజ అయింది,
అడుగున రాయి ఊదా అయింది,
పక్కకి జరిగితే రెండూ మారిపోయాయి.
"ఇప్పుడు దేనికి వల వెయ్యాలి?" అందావిడ.
నిజమే. దేనికి?

రెండోసారి వేరే పొరలు.
ఒకటి వెలుగుని మెలితిప్పి పంపుతుంది.
లోపలి అద్దాన్ని కొట్టుకుని వెనక్కి వచ్చేసరికి
కుడివాటం మెలిక ఎడమవాటం అవుతుంది,
వచ్చిన గుమ్మమే దాన్ని గుర్తుపట్టదు.
ప్రతిబింబం అలా లోపలే ఉండిపోతుంది.
అన్నిటికంటే పైన ఇంకొకటి,
నలభై ఐదు డిగ్రీల ఏటవాలులో అతికించాను.
కియొసే గారు తల అటు వంచింది, ఇటు వంచింది,
చివరికి చంటిపిల్లలా నడుం వంగి తలకిందులుగా చూసింది.
తెర ఆరలేదు. ఎరుపు ఎరుపే.

నేను సంచి సర్దుకుంటున్నాను.
"మరి నా పడమర?" అంది.

అర్థం కాలేదు.
"నేను తూర్పుకి తిరిగి వల లాగుతాను.
వీపు వెనక మబ్బు లేస్తే
ఈ గాజులోనే కనపడేది.
పన్నెండేళ్ళు దీన్ని చూసే ఒడ్డుకి మళ్ళాను.
నువ్వు మబ్బుని తుడిచేశావు."

మా పరీక్షల పట్టికలో ముప్ఫై ఒక్క గడులున్నాయి.
దీనికి గడి లేదు.
ఒక అద్దం బిగిస్తానన్నాను. అద్దం ఎండని కూడా తెస్తుందంది.
చాలాసేపు ఇంజను మాట్లాడింది, మేం మాట్లాడలేదు.
ఆఖరికి బ్లేడు తీసి
కుడివైపు కింది మూల, అగ్గిపెట్టెంత మేర
పొర కోసేశాను.
వంకరగా తెగింది. అంచున ఒక గాలిబుడగ,
ఎంత నొక్కినా పోలేదు.
వంగి చూస్తే అందులో చిన్న పడమర,
ఒక వంతెన, సగం మబ్బు, నా చెవి.

కూలి వద్దంటే కాగితంలో కవళ్ళు చుట్టి ఇచ్చింది.
పడవ దిగాక, మిగిలిన పొరముక్కని
ఊరికే నీళ్ళ మీద తిప్పి చూశాను.
నీటి తళుకు ఒక కోణంలో ఠక్కున ఆరిపోయింది.
పొట్లం విప్పి చేప మీద పట్టుకున్నాను.
కాస్త మసకేసింది, అంతే.
నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా,
ఎటు తిప్పినా ఆ పొలుసు వెండి ఆరలేదు.

రైలు వస్తోంది.
నేనింకా తిప్పుతూనే ఉన్నాను.